రక్తపోటు, మధుమేహ రోగులపై పరిశోధన: సీటీఆర్‌ఐ నమోదుకు దరఖాస్తు విధానం

అధిక రక్తపోటు, మధుమేహం, ఊబకాయం వంటి జబ్బులకు ఒక మందునో, ఆహార నియమాన్నో, వ్యాయామ పద్ధతినో రోగుల్లో పరీక్షించదలచినవారు ఆ అధ్యయనాన్ని భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో, అంటే సీటీఆర్‌ఐలో, నమోదు చేయించుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో 2007 జూలైలో మొదలైన ఈ రిజిస్ట్రీలో ఔషధ ట్రయల్స్ నమోదును 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి చేశారు. 2018 ఏప్రిల్ 1 నుంచి మరో షరతు చేరింది: మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు పూర్తి కావాలి. పీజీ థీసిస్‌లనూ, పరిశీలనకే పరిమితమైన అధ్యయనాలనూ కూడా ఇక్కడ నమోదు చేసుకోవచ్చు. రుసుము ఒక్క రూపాయి కూడా లేదు.

వెబ్‌సైట్‌లో ఖాతా తెరవడం, పరిశోధకుడి వివరాలు, నిధులు ఇచ్చేవారు, అధ్యయనం జరిగే ఆసుపత్రి వంటి గడులు నింపడం ప్రోటోకాల్, అంటే అధ్యయన ప్రణాళిక పత్రం, చేతిలో ఉన్నవారికి కష్టం కాదు. ప్రధాన ఫలితం అన్న గడి దగ్గర మాత్రం కాస్త ఆగాలి. అక్కడ ‘రక్తపోటు తగ్గుదల’ అని రాసి వదిలేస్తే చాలదు. ‘12 వారాల తరువాత, కూర్చున్న స్థితిలో కొలిచిన సిస్టాలిక్ రక్తపోటులో (రీడింగ్‌లోని పై అంకెలో) మార్పు’ అన్నట్టు కొలతా, సమయమూ రెండూ ఉండాలి. మెటబాలిక్ సిండ్రోమ్ (నడుము చుట్టూ కొవ్వు, అధిక రక్తపోటు, రక్తంలో అధిక చక్కెర వంటివి కలిసి ఉండే స్థితి) మీద పనిచేసేవారు ఏ ప్రమాణాన్ని అనుసరిస్తున్నారో కూడా స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దక్షిణాసియా పురుషులకు నడుము కొలత 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 అని పెట్టిన హద్దు అమెరికా ప్రమాణంలోని 102, 88 కంటే చాలా తక్కువ, దాన్నిబట్టి అధ్యయనంలోకి ఎవరు వస్తారన్నదే మారిపోతుంది.

అసలు చిక్కు ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధనలో రోగుల హక్కులు, భద్రత చూసే కమిటీ, ఇచ్చే అనుమతి పత్రం దగ్గర వస్తుంది. విభాగాధిపతి సంతకం చేసిన లేఖ, సైంటిఫిక్ కమిటీ ఆమోదం, ప్రోటోకాల్ అందినట్టు ఇచ్చిన రసీదు ఇవేవీ దానికి బదులు కావు. ‘సూచించిన మార్పులు చేసిన మీదట అనుమతిస్తాం’ అన్న లేఖ కూడా అనుమతి కాదు. మార్పులు చేసి, తుది లేఖ తెచ్చుకోవాలి. ఆ లేఖ మీద తేదీ, అధ్యయనం శీర్షిక, ప్రధాన పరిశోధకుడి పేరు దరఖాస్తులో ఉన్నట్టే ఉండాలి. రక్తపోటు మందులైన టెల్మిసార్టాన్‌ను ఆమ్లోడిపిన్‌తో పోల్చే సినాప్సిస్‌కు (థీసిస్ ప్రతిపాదనకు) అనుమతి తీసుకుని, తరువాత గైడ్ మాట మీద ఆమ్లోడిపిన్ బదులు సిల్నిడిపిన్ అనే మరో మందు పెట్టుకుంటే పాత లేఖ పనికిరాదు, ఆ సవరణకు కమిటీ మళ్లీ ఒప్పుకోవాలి. రెండు మూడు ఆసుపత్రుల్లో జరిగే అధ్యయనమైతే ఒక్కో చోటి అనుమతీ చూపాలి. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం కమిటీ కూడా నమోదై ఉండాలి గనుక, ఆ నమోదు గడువు తీరిందేమో కమిటీ కార్యదర్శిని ముందే అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

దరఖాస్తు పంపగానే ‘ఆర్‌ఈఎఫ్’ అక్షరాలతో మొదలయ్యే సంఖ్య ఒకటి వస్తుంది. అది దరఖాస్తు అందిందనడానికి గుర్తు మాత్రమే, నమోదు సంఖ్య కాదు. దాన్ని చూసి పని అయిపోయిందనుకుని రోగులను చేర్చుకోవడం మొదలుపెట్టినవారే తరువాత ఎక్కువగా ఇబ్బంది పడుతున్నారు. రిజిస్ట్రీ సిబ్బంది పరిశీలించి సందేహాలు పంపుతారు, వాటికి జవాబిచ్చిన తరువాతే ‘సీటీఆర్‌ఐ’తో మొదలయ్యే అసలు సంఖ్య వస్తుంది. సందేహం వచ్చిందంటే తిరస్కరించారని కాదు. ఒకటికి రెండుసార్లు రావడం మామూలే, కంగారు పడనక్కర్లేదు. థీసిస్ గడువును లెక్కవేసుకునేటప్పుడు ఈ రాకపోకలకు కూడా కొన్ని వారాలు కేటాయించుకోవాలి.

అప్పటికే రోగులను చేర్చుకున్నవారికి తేదీలు వెనక్కి జరిపి రాస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవారు ఉన్నారు. రోగి సమ్మతి పత్రం మీదా, ల్యాబ్ రిపోర్టుల మీదా తేదీలు ఉంటాయి; రేపు పరీక్షకుడో జర్నల్ ఎడిటరో వాటిని అడిగితే జవాబు చెప్పాల్సింది విద్యార్థి, సలహా ఇచ్చినవారు కాదు. జరిగినది జరిగినట్టు గైడ్‌కూ ఎథిక్స్ కమిటీకీ రాతపూర్వకంగా తెలిపి, వారు చెప్పినట్టు నడుచుకోవడమే మేలు.

ఉచితంగా అయ్యే ఈ పనికి వేల రూపాయలు అడిగే మధ్యవర్తుల విషయంలో డబ్బు నష్టం ఒక్కటే కాదు. వారు తమ ఈమెయిల్‌తో ఖాతా తెరుస్తారు, పాస్‌వర్డ్ వారి దగ్గరే ఉండిపోతుంది. నమోదు తరువాత రోగుల చేరిక ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో, అధ్యయనం మధ్యలో ఏమైనా మారిందో అదే ఖాతా నుంచి ఎప్పటికప్పుడు సరిచేస్తూ ఉండాలి. అందువల్ల ఖాతా పరిశోధకుడి సొంత ఈమెయిల్‌తోనే తెరవాలి. కోర్సు ముగిశాక రద్దయ్యే కాలేజీ ఈమెయిల్ కూడా దీనికి వాడకపోవడం మంచిది.