చిన్న కారు హైవేలో వణుకుతోందా? అమ్మేసే ముందు చక్రం విప్పి చూడండి

"సిటీలో భలే ఉంటుందన్నా. హైవే ఎక్కి 80 దాటితే చాలు, స్టీరింగ్ వణుకుతుంది. చిన్న బండి కదా, లాంగ్‌కి పనికిరాదేమో. అమ్మేసి పెద్దది తీసుకోమంటావా?"

నెలకొకరైనా నన్ను ఈ మాట అడుగుతారు. అడిగేవాళ్ల దగ్గర ఉండేది స్విఫ్టో, ఐ20నో, పాత పోలోనో. నడపడం సరదా కాబట్టి ఏరికోరి కొనుక్కున్న బండి. ఒక్క విజయవాడ ట్రిప్‌తో మనసు విరిగిపోతుంది. చిన్న కారు 90, 100లో వణకాలని ఎక్కడా లేదు. పెద్ద బండి కన్నా రోడ్డు శబ్దం ఎక్కువ వినిపిస్తుంది, గుంతలు ఎక్కువ తెలుస్తాయి, పక్కనుంచి వోల్వో బస్సు దూసుకెళ్తే కాస్త ఊగుతుంది. తొమ్మిది వందల కిలోల బండికి అవి సహజం. స్టీరింగ్ వణుకు మాత్రం సహజం కాదు. దానికి కారణం ఉంటుంది, చాలాసార్లు చాలా చవగ్గా పోతుంది.

ముందు గాలి. అవును, గాలే.

"గాలి చూశావా?" అంటే అందరూ "మొన్నే కొట్టించా" అంటారు. ఎక్కడ కొట్టించారు? చౌటుప్పల్ దాటాక బంకులో, అరవై కిలోమీటర్లు నడిపిన తర్వాత. అసలు తప్పు అక్కడే జరుగుతుంది. రాత్రంతా ఆగిన బండిలో 30 ఉన్న టైరు, హైవే మీద గంట నడిచాక 34 చూపిస్తుంది. బంకు కుర్రాడు "ఎక్కువుంది సార్" అని నాలుగు పాయింట్లు వదిలేస్తాడు. మర్నాడు పొద్దున చూస్తే 26 ఉంటుంది. ఆ మెత్తటి టైర్లతో నలుగురిని ఎక్కించుకుని, డిక్కీ నిండా సామాను వేసుకుని, బండి తేలిపోతోందని తిట్టుకుంటాం.

వేడి టైరులోంచి గాలి తీయించకండి. గాలి చూడాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు. ఎంత ఉండాలో డ్రైవర్ డోరు తీస్తే పిల్లర్ మీద స్టిక్కర్‌లో ఉంటుంది. లోడుకి వేరే అంకె ఇచ్చి ఉంటే ట్రిప్‌కి వెళ్లేటప్పుడు అది పాటించాలి. వెనక మెత్తగా ఉండి బరువంతా వెనకే ఉంటే చిన్న కారు ముందు భాగం తేలికై స్టీరింగ్ పట్టు తప్పినట్టు ఉంటుంది. ఒక చిన్న గేజీ కొనుక్కుని డాష్‌బోర్డు పెట్టెలో పడేయండి. పంక్చర్ షాపు గేజీని నమ్మి నేను రెండుసార్లు మోసపోయాను.

గాలి సరిగ్గా పెట్టి, మళ్లీ హైవే మీద ఒక చుట్టు తిప్పి వచ్చాక మిగతాది చదవండి. కొంతమందికి ఇక్కడే అయిపోతుంది.

వణుకు ఎక్కడ, ఎప్పుడు

మెకానిక్ దగ్గరికి వెళ్లి "వైబ్రేషన్ వస్తోంది" అంటే సరిపోదు. చేతుల్లో తెలిస్తే తేడా ముందు చక్రాల్లో ఉంటుంది. సీటు కింద, ఫ్లోర్‌లో తెలిస్తే చాలావరకు వెనక చక్రాలు. బ్రేకు తొక్కినప్పుడే వణికితే డిస్కులు చూడాలి, బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమానం చేసే పని) చేయించి డబ్బు తగలేయొద్దు. 80 దగ్గర మొదలై, 90, 100లో బాగా పెరిగి, ఆపైన కాస్త తగ్గితే అది చక్రం బరువు ఒక పక్కకు ఉన్న లక్షణం. 30, 40లోనే బండి కుంటినట్టు నడిస్తే టైరుకి ఉబ్బు వచ్చిందో, రిమ్ వంగిందో చూడండి. చేత్తో టైరు పక్కగోడ తడిమితే ఉబ్బు తెలుస్తుంది. అది ఉంటే ట్రిప్ రద్దు, ఇంకో మాట లేదు.

రెండు మూడు వారాలు కదలని బండి మొదటి పది కిలోమీటర్లు కాస్త దడదడలాడి తర్వాత మామూలైపోతే పట్టించుకోనక్కర్లేదు. నిలబడి నిలబడి టైరు కింద భాగం చదునైంది, వేడెక్కాక సర్దుకుంటుంది.

80 నుంచి 100 మధ్య వణుకుతోందా? మొదట బ్యాలెన్సింగే. దానికి ముందు రిమ్ లోపలి వైపు టార్చి వేసి చూడండి. వానాకాలం తర్వాత రిమ్ లోపల ఎండిన బురద ముద్ద నేను ఎన్నిసార్లు గీకానో లెక్కలేదు. అలాయ్‌కి (స్టీలు కాని, డిజైన్ రిమ్‌కి) బ్యాలెన్సింగ్ కోసం అంటించిన చిన్న వెయిట్లు ఊడిపోయినా అంతే, అవి ఉన్నచోట జిగురు మచ్చ కనిపిస్తుంది.

బ్యాలెన్సింగ్ మూడుసార్లు చేయించినా పోలేదా?

నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

సెకండ్‌హ్యాండ్‌లో స్విఫ్ట్ కొన్నాను. బయట వేయించిన అలాయ్‌లు మెరిసిపోతుంటే వాటిని చూసే పడిపోయానని ఒప్పుకుంటాను. హైదరాబాద్‌లో నెల రోజులు ఏ ఇబ్బందీ లేదు. మొదటిసారి విజయవాడ బయల్దేరితే పంతంగి టోల్ దాటిన దగ్గర్నుంచి స్టీరింగ్ వణుకు. 85లో మొదలు, 95కి వాచీ గొలుసు గలగలమంటోంది. బ్యాలెన్సింగ్ చేయించాను. మిషన్ స్క్రీన్ మీద సున్నా, సున్నా. వణుకు పోలేదు. ఇంకో షాపు, మళ్లీ సున్నా, సున్నా. "టైర్లు అరిగాయి సార్" అన్నారు, ముందు రెండూ కొత్తవి వేయించాను. "బుష్‌లు పోయాయి" అన్నారు, అవీ మార్పించాను. అలైన్‌మెంట్ సంగతి చెప్పనే అక్కర్లేదు. తమాషా ఏమిటంటే, టైరు విప్పి బిగించిన ప్రతిసారీ వణుకు మారేది. ఒకసారి బాగా తగ్గేది, ఇంకోసారి రెట్టింపయ్యేది. అది ఎంత పెద్ద ఆధారమో అప్పుడు నాకు తట్టలేదు.

చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన బండి చుట్టూ ఒక్కసారి తిరిగి, "ఈ చక్రాలు ఈ బండివి కాదు కదా బాబూ?" అన్నాడు. ముందు చక్రం ఒకటి విప్పించి, హబ్ (బండికి చక్రం బిగించే భాగం) మధ్యలో పొడుచుకొచ్చిన గుండ్రటి భాగం చూపించాడు. తర్వాత అలాయ్ మధ్య రంధ్రం చూపించాడు. ఆ రెంటి మధ్య నా చిటికెన వేలి కొస దూరింది.

సంగతి ఇది. స్విఫ్ట్ హబ్‌కి సరిపోయే మధ్య రంధ్రం కొలత 54.1 మిల్లీమీటర్లు. కంపెనీ రిమ్‌కి సరిగ్గా అంతే రంధ్రం ఉంటుంది, ఎక్కించగానే హబ్ మీద పట్టినట్టు కూర్చుంటుంది. బయటి అలాయ్‌లు చేసేవాళ్లు ఒకే మోడల్‌ని పది రకాల బండ్లకి అమ్మాలి కాబట్టి రంధ్రం పెద్దగా పెడతారు. 67.1, 73.1 తరచూ కనిపించే కొలతలు. 67.1 అయితే చుట్టూ ఆరున్నర మిల్లీమీటర్ల ఖాళీ. ఇక చక్రాన్ని మధ్యలో నిలబెట్టేవి ఆ నాలుగు నట్లే. ఇంపాక్ట్ గన్‌తో మొదటి నట్టు ఒక్క దెబ్బకి బిగించేస్తే చక్రం ఆ పక్కకి జరిగి అక్కడే ఇరుక్కుంటుంది.

ఎంత జరుగుతుంది? అర మిల్లీమీటరు అనుకోండి. టైరుతో కలిపి 16 కిలోల చక్రం అర మిల్లీమీటరు పక్కకు కూర్చుంటే, 15 అంగుళాల రిమ్ అంచున దాదాపు 40 గ్రాముల వెయిట్ ఒక్కచోట అంటించినట్టే. 90లో చక్రం సెకనుకి దాదాపు 13 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ ఐదు కిలోల బలంతో ఒక గుద్దు. 45లో ఆ బలం నాలుగో వంతే, అందుకే సిటీలో తెలియదు.

మరి మిషన్ సున్నా ఎందుకు చూపించింది? మిషన్ మీద చక్రాన్ని కోన్‌తో మధ్య రంధ్రంలోంచి పట్టి బిగిస్తారు. అక్కడ చక్రం సరిగ్గా మధ్యలోనే ఉంటుంది కాబట్టి సున్నా రావడం నిజమే. బండికి ఎక్కించాక మధ్య తప్పుతోంది. మిషన్ అబద్ధం చెప్పలేదు, షాపువాళ్లూ చెప్పలేదు. పన్నెండు వేలకు పైగా వదిలించుకున్నాక నాకు ఇది అర్థమైంది.

ఎలా నిర్ధారించుకోవాలి? ఎక్కడైనా అదే మోడల్ కంపెనీ స్టీల్ రిమ్‌లు రెండు అరువు తెచ్చుకుని ముందు వేసి నడపండి. వణుకు పోతే దొంగ దొరికినట్టే. స్టెప్నీతో ఈ పరీక్ష చేయాలనుకుంటే ముందు దాని సైజు చూసుకోండి. చాలా బండ్లలో అది చిన్నది, దానితో 90 కొట్టడం ప్రమాదం. రిమ్‌లు దొరక్కపోతే చక్రం విప్పి, వెర్నియర్‌తో రిమ్ రంధ్రం, హబ్ రెండూ కొలవండి.

పరిష్కారం హబ్ రింగులు. బయట 67.1, లోపల 54.1 ఉన్న రింగు అలాయ్ రంధ్రంలో నొక్కితే ఖాళీ పోతుంది. ప్లాస్టిక్‌వీ, అల్యూమినియంవీ దొరుకుతాయి. రెండూ పనిచేస్తాయి, కొలత మాత్రం పాయింటుతో సహా కుదరాలి. "ఇంచుమించు సరిపోతుంది" అన్నవాడి దగ్గర కొనకండి. అలాయ్ సెట్ ధర ముందు వీటి ఖర్చు లెక్కలోకి రాదు. వేసేముందు హబ్ మీది తుప్పుని వైరు బ్రష్‌తో గీకండి. తుప్పు పొర మీద కూర్చున్న రింగు వంకరే.

రింగులు దొరికేలోపు ఊరికి వెళ్లాల్సి వస్తే ఇలా చేయండి. జాకీ మీద చక్రం గాల్లో ఉండగానే నాలుగు నట్లూ చేత్తో చివరిదాకా తిప్పండి. చక్రాన్ని కొద్దికొద్దిగా కదుపుతూ, ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా పానాతో బిగించండి. ఆ తర్వాతే కిందికి దించి పూర్తిగా బిగించాలి. గన్ వద్దనండి. షాపు కుర్రాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

ఐ20కీ రంధ్రం 54.1 కొలతే. పోలోకి 57.1, ఫోర్డ్ ఫిగోకి 63.4. నట్లు ఉండే వృత్తం కూడా బండిబండికీ మారుతుంది. ఫిగోది 108 మిల్లీమీటర్ల వ్యాసం, స్విఫ్ట్‌ది 100, పాత ఫియట్ పుంటోది 98. రెండు వృత్తాలకి నాలుగేసి చొప్పున ఎనిమిది రంధ్రాలున్న అలాయ్ అన్నిటికీ పడుతుందని అంటగట్టేది ఇందుకే. 98 వృత్తానికి 100 రిమ్‌ని బలవంతంగా బిగించేవాళ్లనూ చూశాను. అది వణుకుతో పోయే వ్యవహారం కాదు, నట్లు ఊడిపోతాయి. పోలోవాళ్లకి ఇంకో మెలిక ఉంది. కంపెనీ బోల్టు తల కింద గుండ్రంగా ఉంటుంది, బయటి అలాయ్‌లకి ఎక్కువగా కోన్ ఆకారం కావాలి. పాత బోల్టులే వాడితే బిగింపు నిలవదు.

మిగతావి

బేరింగ్ పోతే వణుకు కన్నా ముందు హోరు వస్తుంది, మలుపులో పెరుగుతుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వణికి, వదిలితే పోతే డ్రైవ్ షాఫ్ట్ చూపించండి. హబ్ వంగడం చాలా అరుదు, పెద్ద గుంతలో పడిన బండికి తప్ప ఆలోచించొద్దు. శ్రీశైలం, అరకు ఘాట్‌లో నలుగురితో, ఏసీతో పికప్ లేదనేవాళ్లకి మందు లేదు. 1.2 పెట్రోల్‌ని అక్కడ రెండో గేరులో నడపాలి, అంతే. 100లో ఆర్‌పీఎం 3000 చుట్టూ ఉందని టెన్షన్ పడకండి, చిన్న ఇంజన్‌కి అది మామూలే.

ఇంకా కొనని వాళ్లకి

సరదాకీ, లాంగ్‌కీ ఒకే చిన్న కారు వెతుకుతున్నారా? కాలనీలో రెండు వీధులు తిప్పి బేరం ఒప్పుకోకండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద కనీసం అరగంట నడపాలి, మీ ఇంట్లోవాళ్లని వెనక కూర్చోబెట్టుకుని మరీ. 80, 90, 100, మూడు చోట్లా నిలకడగా పట్టుకుని స్టీరింగ్‌ని రెండు వేళ్లతో తాకి చూడండి. సీటు ఎత్తు, తొడల కింద ఆనిక అరగంటకి తెలుస్తాయి. నడుం నొప్పికి ఎక్కువగా కారణం ఆ ఆనిక లేకపోవడమే. టైరు పక్కన నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం. గాట్లు ఎంత లోతున్నా ఆ వయసు టైర్లతో నేను లాంగ్ వెళ్లను, కొత్తవాటి ధర బేరంలో తగ్గించమంటాను.

బండికి బయటి అలాయ్‌లు ఉంటే అమ్మేవాణ్ని రెండు అడగండి. పాత స్టీల్ రిమ్‌లు ఉన్నాయా, హబ్ రింగులు ఉన్నాయా అని. "రింగులా? అవేంటి సార్?" అన్నాడంటే అర్థమైపోతుంది. బండి మిగతా అంతా బాగుంటే వదులుకోకండి, వణుకు చూపించి ధర తగ్గించుకోండి.

రింగులు వేయించుకున్నాక కూడా ఒక జాగ్రత్త ఉంది. టైరు మార్చేటప్పుడు రింగు హబ్‌కే అంటుకుని ఉండొచ్చు, లేదా రిమ్‌లోంచి ఊడి షాపు నేల మీద దొర్లిపోవచ్చు. నాది ఒకటి అలాగే పోయింది, నెల తర్వాత సూర్యాపేట దగ్గర మళ్లీ అదే వణుకు. అప్పట్నుంచి టైరు విప్పిన ప్రతిసారీ పక్కనే నిలబడి నాలుగు రింగులూ లెక్కపెడుతున్నాను, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు ఇంకోసారి పానాతో చూస్తున్నాను.