మీ ఫోనుకు ఏ బ్రౌజర్ కావాలి?

ఆంధ్ర సరిహద్దులోని ఒడిశా పట్టణం పర్లాకిమిడి బజారులో నాకు ఆన్‌లైన్ సేవల దుకాణం ఉంది. పాతపట్నం వైపు నుంచి కూడా జనం వస్తుంటారు. దరఖాస్తు మధ్యలో ఆగిపోయిందని ఫోను నా చేతికి ఇవ్వగానే నేను అడిగేది ఒకటే: "ఏ బ్రౌజర్‌లో తెరిచారు?" బ్రౌజర్ అంటే వెబ్‌సైట్లు తెరిచే యాప్. ఏది వాడుతున్నారో చాలామందికి తెలియదు. ఫోనుతో పాటు వచ్చిందే వాడుతుంటారు.

అన్ని దేశాల్లోనూ చాలావరకు ఇదే కథ. ఐఫోన్లు ఎక్కువగా ఉన్న అమెరికా, జపాన్‌లలో వాటితో పాటే వచ్చే సఫారీ బాగా నడుస్తుంది. ఆండ్రాయిడ్ నిండిన మన దేశంలో క్రోమ్‌దే పైచేయి. కాబట్టి పక్కవాళ్లు వాడుతున్నారని కాదు, మీ అవసరం చూసి ఎంచుకోండి.

ముందుగా చూడాల్సింది మీ పని జరిగే సైటు. దక్షిణ కొరియాలో చాలా ఏళ్లపాటు బ్యాంకు లావాదేవీలకు యాక్టివ్ఎక్స్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ కావలసి వచ్చేది. అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ అనే బ్రౌజర్‌లోనే పనిచేసేది. ఇష్టం ఉన్నా లేకపోయినా జనం దాన్నే పట్టుకుని ఉండాల్సి వచ్చింది. మీకు కూడా ఫారం ఒక బ్రౌజర్‌లో కదలకపోతే మరోదాంట్లో ప్రయత్నించండి. అందుకే ఫోనులో రెండు ఉంచుకోమంటాను: క్రోమ్, ఫైర్‌ఫాక్స్.

డేటా తక్కువైతే ఒపెరా మినీ పెట్టుకోండి. పేజీని ముందే తన సర్వర్‌లో కుదించి పంపుతుంది కాబట్టి డేటా ఆదా అవుతుంది. ఆఫ్రికా దేశాల్లో దానికి అంత ఆదరణ అందుకే. 2016లో జియో రాకముందు మన దగ్గర కూడా అది, యూసీ బ్రౌజర్ చాలా ఫోన్లలో కనిపించేవి. యూసీని 2020 జూన్‌లో ప్రభుత్వం నిషేధించింది. పాత ఫోనులో ఇంకా ఉంటే తీసేయండి. వార్తలు చదవడానికి ఒపెరా మినీ చాలు. బ్యాంకు పనికి మాత్రం దాన్ని వాడకండి.

ఇక మన సరిహద్దు వాళ్లకు అన్నిటికన్నా ముఖ్యమైనది భాష. ఇంట్లో తెలుగు, భూమి కాగితాలు ఒడియాలో. మొన్న ఒక పెద్దాయన ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్ పేజీ ముందు కూర్చుని, "అమ్మా, ఇందులో నా పేరు ఎక్కడుంది?" అని అడిగారు. క్రోమ్‌లో పైన ఉన్న మూడు చుక్కలు నొక్కి, ట్రాన్స్‌లేట్ ఎంచుకుని, భాష తెలుగుకు మార్చాను. పేజీ తెలుగులోకి వచ్చింది. ఆయన వేలితో ఒక్కో వరుసనూ తాకుతూ చదివారు. ఆయన భార్య పేరు పద్మ. ఆ చోట "కమలం" అని ఉంది! యంత్రానికి పేరేదో మాటేదో తెలియదు. అందుకే అనువాదాన్ని అర్థం తెలుసుకోవడానికే వాడండి. పేర్లు, ఖాతా నంబర్లు, విస్తీర్ణం మాత్రం మళ్లీ ఒడియా పేజీలోకి వెళ్లి, ఒడియా చదవగలిగిన వారిని పక్కన కూర్చోబెట్టుకుని సరిచూడండి. ఆ పని తప్పించుకోవద్దు, అది మీ భూమి.

నచ్చిన బ్రౌజర్ దొరికాక ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, యాప్స్, డిఫాల్ట్ యాప్స్‌లోకి వెళ్లి దాన్ని ఎంచుకోండి. ఇకపై మెసేజ్‌లో వచ్చిన లింకులు అందులోనే తెరుచుకుంటాయి. నాలాంటి వారి దుకాణంలో కంప్యూటర్ వాడేటప్పుడు, పాస్‌వర్డ్ దాచమంటారా అని బ్రౌజర్ అడిగితే వద్దనే చెప్పండి. లేచే ముందు లాగవుట్ అయ్యారో లేదో నన్ను అడిగి మరీ చూసుకోండి.