బోరు నీళ్లు, గీజర్‌లో సున్నం: నా అనుభవం
మాది నల్గొండ. బోరు నీళ్లు కాగబెడితే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది. ఈ చలికాలం మా 15 లీటర్ల గీజర్ గరగరమంటూ, అరగంటైనా గోరువెచ్చని నీళ్లే ఇచ్చింది. గీజర్‌కు కరెంటు వెళ్లే ఎంసీబీ స్విచ్ దించి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకుని, ట్యాంకు ఖాళీ చేసి కింది ప్లేటు విప్పాను. నీళ్లు కాచే ఎలిమెంట్ మీద వేలు మందాన సున్నం పెచ్చులు! వైర్లు తగిలించే కొనలు తడవకుండా, నిమ్మఉప్పు కలిపిన వేడినీళ్లలో నానబెడితే బుసబుస పొంగి ఊడిపోయింది. కత్తితో మాత్రం గీకకండి, ఎలిమెంట్ పాడవుతుంది. పక్కనే ఉండే మెగ్నీషియం కడ్డీ పుల్లలా మిగిలింది. ట్యాంకుకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోయేది అదే కాబట్టి కొత్తది వేశాను, వాషర్ కూడా మార్చాను. మళ్లీ నీళ్లు నిండి కుళాయిలో ధారగా వచ్చాకే స్విచ్ వేయాలి, లేదంటే ఎలిమెంట్ కాలిపోతుంది. వేడి పెరిగేకొద్దీ సున్నం ఎక్కువ పడుతుంది, అందుకే వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ఇప్పుడు 55 డిగ్రీల దగ్గర పెట్టాం.