కింద దారం ఉండ కడితే పైన చూడండి

ఇంట్లో వాడే నల్ల కుట్టుమిషను మొరాయిస్తే చాలామంది ముందు బాబిన్ కేస్ (కిందిదారం చుట్టిన బాబిన్ కూర్చునే డబ్బీ) ఊడదీస్తారు. దాని జోలికి వెళ్ళేముందు కుట్టు ఎలా పడుతుందో ఒకసారి చూడండి. సూది దిగి కాస్త పైకి లేవగానే దాని వెనక దారం చిన్న ఉచ్చులా వదులవుతుంది. షటిల్, అంటే గుడ్డ కింద కదిలే కొక్కెం లాంటి భాగం, తన కొనతో ఆ ఉచ్చును పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. అలా రెండు దారాలూ గుడ్డ మందంలో పెనవేసుకుంటాయి. మొన దగ్గర కన్ను ఉన్న సూది, కింద షటిల్ ఉన్న ఇలాంటి యంత్రానికి ఎలియాస్ హోవ్ 1846లో అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. నిలువుగా దిగే సూదితో 1851లో పేటెంటు పొందిన ఐజాక్ సింగర్ కూడా చివరికి హోవ్‌కు డబ్బు కట్టాల్సి వచ్చింది.

గుడ్డ అడుగున దారం ఉండలు కడుతోంది

కారణం దాదాపు ఎప్పుడూ పైదారమే. అది దారాన్ని నొక్కిపట్టే టెన్షన్ బిళ్ళల మధ్య కూర్చోకపోతే బిగువు ఉండదు. అప్పుడు షటిల్ లాగినంత దారమూ కిందికి వచ్చేస్తుంది.

గుడ్డను నొక్కిపట్టే ఫుట్ పైకెత్తి దారం మొత్తం తీసి మళ్ళీ ఎక్కించండి. ఫుట్ దించి ఉంటే బిళ్ళలు మూసుకునే ఉంటాయి, దారం వాటి పైపైన జారిపోతుంది. బిళ్ళల మధ్య నూగు ఉంటే గుడ్డ పీలికతో తుడవండి. అప్పటికీ ఉండలు కడితే టెన్షన్ నట్టు కొద్దికొద్దిగా బిగించండి. కుట్టు మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకోండి, మొదట్లో పడే చిక్కు తప్పుతుంది.

దీనికి తలకిందులుగా, బాబిన్ దారం గుడ్డ పైకి చుక్కల్లా కనిపిస్తుంటే పైబిగువు ఎక్కువైనట్టు. నట్టు వదులు చేయండి. బాబిన్ కేస్ మీది బుల్లి స్క్రూ ఆఖరి ప్రయత్నం. దాన్ని తిప్పితే పావు చుట్టు మించొద్దు.

కుట్టు మధ్యమధ్యలో తప్పుతోంది

షటిల్ కొనకు ఉచ్చు అందడం లేదు. సూది వంగిందా, మొన అరిగిందా, తిరగేసి బిగించారా చూడండి. దారం ఏ వైపు నుంచి ఎక్కిస్తారో సూది పొడవాటి గాడి ఆ వైపుకే ఉండాలి. సూదిని పైదాకా నెట్టి బిగించాలి. పల్చటి వాయిల్‌కు 11, మామూలు కాటన్‌కు 14, జీన్స్‌కు 16 లేదా 18 నంబరు సూది వాడండి. సాగే గుడ్డకైతే మొన గుండ్రంగా ఉండే సూది కావాలి. సూది చవక, అనుమానం వస్తే మార్చేయడమే మేలు.

గుడ్డ జరగడం లేదు

ఫుట్ కింద పళ్ళు లేచి, ముందుకు జరిపి, దిగి, వెనక్కి వస్తాయి. ఈ నాలుగు కదలికల పద్ధతి ఆలెన్ విల్సన్‌ది, పేటెంటు 1854లో. పళ్ళ సందుల్లో నూగు గట్టిపడితే అవి పూర్తిగా పైకి లేవలేవు. సూది పలక విప్పి బ్రష్‌తో దులపండి. అంతకన్నా ముందు కుట్టు పొడవు సున్నా దగ్గర లేదు కదా అని చూసుకోండి.

చక్రం తిరుగుతోంది, సూది కదలడం లేదు

బాబిన్ చుట్టడానికి చక్రం మధ్యలోని చిన్న చక్రాన్ని వదులు చేసి మర్చిపోయారు. బిగించండి. దీనికి మెకానిక్‌ను పిలిచిన ఇళ్ళూ ఉన్నాయి!

మిషను బరువుగా తిరుగుతోంది

షటిల్ దగ్గర దారం ముక్క ఇరుక్కుందేమో తీసి చూడండి. లేకపోతే తప్పు నూనెది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె పోస్తే కొన్నాళ్ళకు జిగురులా పట్టేస్తుంది, చలికాలంలో అయితే గడ్డే కడుతుంది. కిరోసిన్ చుక్కలు వేసి కాసేపు ఉత్తిగా తొక్కి, కరిగిన మురికి తుడిచేసి, అప్పుడు మిషను నూనె వేయండి. ఆ తర్వాత ముందు పాత గుడ్డ మీద కుట్టి చూడండి, లేదంటే కొత్త జాకెట్టుకు మరకలు పడతాయి.