తొంభై దాటితే స్టీరింగ్ కొట్టుకుంటోందా? పర్సు తీయకముందు ఇవి చూడండి

మా కారు ఎనభై ఐదు దాకా బుద్ధిగా పోయేది. తొంభైకి రాగానే స్టీరింగ్ సన్నగా కొట్టుకోవడం మొదలయ్యేది. నూరు మీదకొచ్చేసరికి అరచేతులు తిమ్మిరెక్కేవి. దానికి తోడు అడుగున ఎక్కడో "హూ..." మని ఒకటే మోత. ఎల్బీ నగర్ నుంచి నందిగామలో మా అమ్మ దగ్గరికి రెండు వారాలకోసారి వెళ్లొస్తుంటాను. 65వ నంబరు హైవే మీద రెండొందల కిలోమీటర్ల పైనే ఆ మోత వింటూ కూర్చుంటే దిగాక కూడా చెవుల్లో మోగుతూనే ఉండేది.

ఊళ్లో రెండు మూడు చోట్ల చూపించాను. మూడుసార్లు వీల్ బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమానంగా ఉండేలా సరిచేయడం), ఒకసారి అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా నిలబడేలా సరిచేయడం) చేయించాను. ఒక వర్క్‌షాప్‌లో బానెట్ ఎత్తి చూసి, ఇంజన్ మౌంటింగులు, అంటే ఇంజన్ని బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు పోయాయి, ఎనిమిది వేలవుతుందన్నారు. "ఒకసారి నడిపి చూస్తారా?" అంటే "అక్కర్లేదు మేడమ్, చూస్తేనే తెలిసిపోద్ది" అన్నారు. అక్కడే నాకు అనుమానం తగిలింది.

సూర్యాపేటలో టీకి ఆగినప్పుడు పక్కనున్న షెడ్డులో ఒక పెద్దాయనకి నా గోడు చెప్పుకున్నాను. ఆయన కారు వంక కూడా చూడలేదు. "స్పీడుతోని మారుతదా అమ్మా, ఇంజన్ తోని మారుతదా, రోడ్డుతోని మారుతదా?" అన్నాడు. నీళ్లు నమిలాను. "పొయ్యేటప్పుడు చూస్కుంట పో. వచ్చేటప్పుడు చెప్పు" అని గ్లాసు కింద పెట్టి లేచాడు. నెలన్నరగా నేను చేయని పని అదే. ఆ మూడు ప్రశ్నలు పట్టుకుని నేను చేసిందంతా కింద రాస్తున్నాను.

బండి కదలకముందు నాలుగు చక్రాల దగ్గరా ఒక్కో నిమిషం కూర్చోండి. మొదట వీల్ స్పానర్ తీసుకుని నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. ఈమధ్య పంక్చర్ వేయించి ఉంటే ఇది మరీ ముఖ్యం. నట్టు వదులై చక్రం ఊగుతుంటే ఇక పరీక్షల్లేవు, బండి తీయకూడదు. తర్వాత టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోండి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీదో, మాన్యువల్లోనో ఉంటుంది. ఆపైన అరచేత్తో టైరు మీద ముందుకొకసారి, వెనక్కొకసారి నిమరండి. అటు నిమిరితే నున్నగా, ఇటు నిమిరితే రంపం పళ్లలా తగిలితే టైరు ఎగుడుదిగుడుగా అరిగినట్టు. అలాంటి టైరు చేసే మోత, చక్రం సాఫీగా తిరగడానికి లోపల ఉండే బేరింగ్ అరిగితే వచ్చే మోతలాగే అచ్చంగా ఉంటుంది. పక్క గోడ మీద కోడిగుడ్డంత ఉబ్బు కనిపిస్తే మాత్రం లోపల తీగలు తెగినట్టే, హైవే మాట మరిచిపోండి. డీఓటీ అన్న అక్షరాల తర్వాత వచ్చే కోడ్‌లో చివరి నాలుగంకెలు టైరు పుట్టినరోజు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. మా టైర్లకు ఆరేళ్లు నిండాయని నాకు అప్పుడే తెలిసింది.

వానాకాలమైతే రిమ్ము లోపలివైపు కూడా తొంగి చూడండి. పొలం దారిలో వెళ్లొచ్చిన బండికి అక్కడ బురద గడ్డకట్టి ఉంటుంది. బ్యాలెన్సింగ్ చేసేవాళ్లు ఐదు గ్రాములు, పది గ్రాముల సీసం ముక్కలు లెక్కపెట్టి అంటిస్తారు, గుప్పెడు మట్టి ముందు అవెంత?

ఇక రోడ్డు మీద. ఈ పని ఒక్కరు చేసేది కాదు. నేను మా తమ్ముణ్ణి వెంటబెట్టుకెళ్లాను. వాడు కాసేపు ముందు, కాసేపు వెనక సీట్లో. తెల్లవారుజామున, పంతంగి టోల్‌గేట్ దాటాక, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు.

మొదటి పరీక్ష గేరుది. తొంభై దగ్గర స్పీడు కదలకుండా పట్టుకుని ఐదో గేరు నుంచి నాలుగుకి వచ్చాను. ఇంజన్ అరుపు పెరిగింది గానీ స్టీరింగ్ దడలో ఇసుమంత మార్పు లేదు. ముందు వెనకా ఎవరూ లేని తిన్నని రోడ్డు చూసి ఒక్క నాలుగైదు సెకన్లు న్యూట్రల్ చేశాను. తాళం మాత్రం ఎప్పుడూ ఆపకూడదు, స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు బలం తగ్గుతుంది. న్యూట్రల్లోనూ దడ అలాగే ఉంది. అంటే ఇంజన్ కాదు, మౌంటింగులూ కాదు. ఎనిమిది వేలు మిగిలాయి.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వణికి, కాలు తీయగానే తగ్గిపోతే అనుమానం యాక్సిల్ లోపలి జాయింటు మీదకు పోతుంది. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే స్టీరింగ్ కొట్టుకుంటే డిస్కు మందం ఒకచోట ఒకలా, ఇంకోచోట ఒకలా అరిగింది. దాన్నే మెకానిక్కులు "డిస్కు వంగింది" అంటారు. మాకు ఈ రెండూ లేవు.

మా తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు, వాడికిదంతా పండగ. ఫోన్లో ఫైఫాక్స్ అని ఒక ఉచిత యాప్ వేసుకున్నాడు. జర్మనీలో ఆఖెన్ టెక్నికల్ యూనివర్సిటీ వాళ్లు భౌతికశాస్త్ర ప్రయోగాల కోసం తయారుచేసింది. ఫోన్ని కాళ్ల దగ్గర నేల మీద పెడితే, వణుకు సెకనుకి ఎన్నిసార్లు వస్తోందో గ్రాఫు గీసి చూపిస్తుంది. తొంభై మీద గ్రాఫులో ఒకే ఒక ముల్లు లేచింది, 13 దగ్గర. లెక్క వేసి చూశాం. మా టైరు 185/65 ఆర్15, చుట్టుకొలత దాదాపు 1.95 మీటర్లు. తొంభై స్పీడంటే సెకనుకి 25 మీటర్లు. భాగిస్తే చక్రం సెకనుకి 12.8 చుట్లు. ముల్లు నిలబడ్డది సరిగ్గా అక్కడే. ఇంజన్ ఆ వేళకి నిమిషానికి 2,200 చుట్లు, అంటే సెకనుకి 36 పైన. "అక్కా, చక్రమే, ప్రమాణం చేసి చెప్తా" అన్నాడు వాడు. యాప్ లేకపోయినా నష్టం లేదు, గేరు పరీక్ష చెప్పేదీ అదే. కాకపోతే అంకె కళ్లముందు కనిపిస్తే షాపువాడితో వాదించే ధైర్యం వస్తుంది.

ఏ చక్రం? వణుకు స్టీరింగ్‌లో తెలిస్తే సాధారణంగా ముందువి, సీట్లోనూ నడుం కిందా తెలిస్తే వెనకవి. మాది స్టీరింగ్. అందుకని నందిగామ చేరాక ఎడమవైపు ముందు చక్రం వెనక్కి, వెనకది ముందుకి మార్చాం. స్టెప్నీ వేసి చూద్దామనిపిస్తుంది గానీ, చాలా కార్లలో స్టెప్నీ సైజు చిన్నది, దాని మీద ఎనభై దాటొద్దని రాసే ఉంటుంది. ఉన్నవాటినే అటూ ఇటూ మార్చడం మేలు. తిరుగు ప్రయాణంలో స్టీరింగ్ నిలకడగా ఉంది, వెనక సీట్లో తమ్ముడు మాత్రం "అక్కా, ఇప్పుడు నా కింద కొట్టుకుంటోంది" అన్నాడు. దొంగ దొరికాడు.

సూర్యాపేట పెద్దాయన ఆ చక్రం విప్పి పక్కనే బ్యాలెన్సింగ్ మెషిన్ మీద తిప్పించాడు. తెర మీద సున్నా, సున్నా. మూడుసార్లూ నాకు చూపించింది ఆ సున్నాలే. ఆయన తెర చూడలేదు, వంగి రిమ్ము లోపలి అంచుకి స్క్రూడ్రైవర్ మొన ఆనీ ఆనకుండా పట్టుకున్నాడు. చక్రం మెల్లగా తిరుగుతుంటే ఒకచోట మొన "టిక్" మంది, మళ్లీ చుట్టు తిరిగి అక్కడికే వచ్చాక మళ్లీ "టిక్". ఆ చోట అంచు లోపలికి నొక్కుకుపోయి ఉంది. వర్షాల్లో సర్వీస్ రోడ్డు గుంతలో ఎడమ చక్రం పడటం అప్పుడు గుర్తొచ్చింది. మెషిన్ బరువు చూస్తుంది, వంకర చూడదు. గుండ్రంగా లేని చక్రానికి ఎంత సీసం అంటించినా అది ఎగరకుండా ఉండదు. కొత్త ఇనుప రిమ్ము వేయించాను. అన్నట్టు, అలైన్‌మెంట్ తప్పితే బండి ఒకవైపు లాగుతుంది, టైరు ఒరిసి అరుగుతుంది, అంతేగానీ నేరుగా ఈ దడ పుట్టించదు. బ్యాలెన్సింగూ, అలైన్‌మెంటూ ఒకే షాపులో చేస్తారు కాబట్టి జంటగా అంటగడతారు.

దడ పోయింది. మోత పోలేదు! రెండు జబ్బులు ఒకేసారి ఉండొచ్చని నాకు తట్టనే లేదు.

మోతకి పెద్దాయన మూడో ప్రశ్న పనికొచ్చింది. టోల్‌గేట్ల దగ్గర సిమెంటు రోడ్డు వస్తుంది చూడండి, తారు మీంచి సిమెంటు మీదకి ఎక్కినప్పుడు మోత గొంతు మారితే టైరుది. మాది రెండింటి మీదా ఒకేలా, అరవై నుంచి మొదలై స్పీడుతో పాటు పైకి లేచేది. తర్వాత విశాలమైన మలుపుల్లో చెవిపెట్టాను. ఎడమకి తిరిగేటప్పుడు పెరుగుతోంది, కుడికి తిరిగితే తగ్గుతోంది. ఎడమ మలుపులో బరువు కుడి చక్రాల మీదకి ఒరుగుతుంది కాబట్టి అనుమానం కుడివైపు బేరింగ్ మీద. నేనేమో నెలన్నరగా ఎడమ ముందు చక్రమని ఒట్టేసి చెబుతున్నాను! కారు డొల్లలో శబ్దం ఎటు నుంచి వస్తోందో చెవి నమ్మకంగా చెప్పలేదు.

మలుపు పరీక్ష కూడా ఒక్కోసారి తప్పుదారి పట్టిస్తుంది, జాకీ పెట్టి తేల్చుకోవాల్సిందే. చదునైన నేల మీద, గేర్లో ఉంచి, ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్లు పెట్టాకే వెనక చక్రం లేపి హ్యాండ్‌బ్రేక్ వదలండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకి దూరొద్దు. ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి స్ప్రింగ్ మీద వేయండి. ఎడమవైపు స్ప్రింగ్‌లో ఏమీ తెలియలేదు. కుడివైపు వేళ్లకి ఇసుక రుబ్బుతున్నట్టు గరగర తగిలింది. పైనా కిందా పట్టుకుని ఊపితే టైరు కదులుతుందేమో కూడా చూడండి. కదిలితే బేరింగ్ ముదిరిపోయింది, ఆ బండి మీద దూరం పోకూడదు. ముందు చక్రం అటూ ఇటూ పట్టుకుని ఊపినప్పుడు కదిలితే స్టీరింగ్ రాడ్డు చివర కూడా చూపించుకోవాలి.

"పటపట" మనే చప్పుడైతే ఇంత దూరం రానక్కర్లేదు. అడుగున ప్లాస్టిక్ షీటు ఊడి గాలికి కొట్టుకుంటూ ఉంటుంది. ఈల లాంటిదైతే కిటికీల మీద వాన రేకుల అంచులకి మాస్కింగ్ టేపు అంటించి ఒకసారి నడపండి.

వెనక కుడి బేరింగ్ సూర్యాపేటలోనే మార్పించాను, గంటన్నర పట్టింది. చక్రం బిగించాక పెద్దాయన, "ఊరికి పోంగనే నట్లు ఒక్కపారి మళ్ల చూస్కో అమ్మా" అన్నాడు. నందిగామలో అమ్మ వాకిట్లో స్పానర్ పెట్టి చూస్తే, ఒకటి పావు చుట్టు తిరిగింది.