మారిషస్ వెళ్తున్నారా? తుఫాను సీజన్‌లోనే పండగలూ వస్తాయి, ఇవి తెలుసుకుని వెళ్ళండి

మారిషస్‌లో తుఫాను సీజన్ నవంబర్‌లో మొదలై మే సగం దాకా ఉంటుంది, అసలు భయం జనవరి నుంచి మార్చి వరకు. మనకి సంక్రాంతి చలి ఉన్నప్పుడు వాళ్ళకి నడి ఎండాకాలం. చాలామంది టికెట్లు బుక్ చేసేటప్పుడు ఆలోచించని సంగతి ఒకటుంది, అక్కడి పెద్ద పండగలు చాలావరకు ఈ నెలల్లోనే పడతాయి. తమిళుల కావడి, చైనావాళ్ళ కొత్త సంవత్సరం, మహాశివరాత్రి, మన ఉగాది. అవును, ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి చెరకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్ళిన మనవాళ్ళ ముని మనవలు ఇప్పటికీ అమ్మోరు పండగ, సింహాద్రి అప్పన్న పూజ చేసుకుంటున్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళారని వాళ్ళని కోరంగీలు అనేవాళ్ళు, ఆ కోరంగిని 1839లో తుఫానే ముంచేసింది.

అక్కడ తుఫాను వార్నింగ్ క్లాస్ వన్ నుంచి క్లాస్ ఫోర్ దాకా ఉంటుంది. క్లాస్ వన్ అంటే ఇంకా టైమ్ ఉంది, కొనుక్కోవాల్సినవి ఆరోజే కొనేసుకోండి, బ్రెడ్, కొవ్వొత్తులు, టార్చ్, మందులు, తాగే నీళ్ళు, ఎందుకంటే కరెంటు పోతే రోజుల తరబడి రాకపోవచ్చు. క్లాస్ త్రీ వచ్చిందంటే బస్సులు ఆగిపోతాయి, షాపులు మూసేస్తారు, ఇంక బయట అడుగు పెట్టొద్దు. క్లాస్ ఫోర్ అంటే గంటకి 120 కిలోమీటర్ల ఈదురుగాలులు వచ్చేసినట్టే. మధ్యలో ఉన్నట్టుండి గాలి ఆగిపోయి ప్రశాంతంగా అయిపోతే అయిపోయిందనుకుని బయటికి రాకండి, అది తుఫాను కన్ను, కాసేపట్లో ఎదురు దిక్కు నుంచి అంతే గాలి మళ్ళీ కొడుతుంది.

అక్కడి ఇళ్ళు చూస్తే ఎక్కువ శాతం కాంక్రీటు స్లాబులే. 1960లో కెరొల్ అనే తుఫాను తడికెల ఇళ్ళని, రేకుల ఇళ్ళని ఊళ్ళకి ఊళ్ళు తుడిచిపెట్టేసింది, ఆ తర్వాతే జనం కాంక్రీటుకి మారారు. 1975లో జెర్వేజ్ తుఫాను వచ్చినప్పుడు ఈదురుగాలి గంటకి 280 కిలోమీటర్ల దాకా వెళ్ళింది. అందుకే రూమ్ తీసుకునేటప్పుడు బీచ్ వ్యూ ఒక్కటే చూడకుండా కిటికీలకి షట్టర్లున్నాయా, పైన రేకులా స్లాబా అని అడగండి ప్లీజ్.

గాలి కంటే నాకు ఎక్కువ భయం రాజధాని పోర్ట్ లూయీలో వాన. అప్రవాసి ఘాట్ అని కూలీలు ఓడ దిగిన చోటు ఉంది, యునెస్కో గుర్తించిన స్థలం, తెలుగువాళ్ళు తప్పకుండా చూడాల్సిందే కానీ అది రేవు ఒడ్డున పల్లంలో ఉంటుంది, పైన కొండల నీళ్ళన్నీ అటే దిగుతాయి. 2013 మార్చి 30న తుఫాను లేకుండానే ఒక్క వానకి ఆ దగ్గర్లోని కోడాన్ అండర్‌పాస్ (రోడ్డు కింద నడిచే దారి) నిండిపోయింది, ఆ రోజు వరదకి 11 మంది చనిపోయారు. 2024 జనవరిలో బెలాల్ తుఫానప్పుడు కార్లు ఆటబొమ్మల్లా కొట్టుకుపోయాయి, జనం పొద్దున్నే మామూలుగా ఆఫీసులకి వెళ్ళి ఇరుక్కుపోయారు. కాబట్టి వార్నింగ్ నంబర్ చిన్నదే కదా అని బయల్దేరొద్దు, వాన గట్టిగా పడుతుంటే ఎక్కడున్నారో అక్కడే పై అంతస్తుకి వెళ్ళిపోండి, కారు పోతే పోనివ్వండి.

శివరాత్రికి గంగా తలావ్ (అక్కడివాళ్ళు పవిత్రంగా చూసే సరస్సు) వెళ్ళాలనుకుంటే తప్పకుండా వెళ్ళండి, దేశం నలుమూలల నుంచి జనం కావళ్ళు భుజాన పెట్టుకుని రాత్రంతా నడుస్తారు, దారి పొడుగునా ముక్కూముఖం తెలియనివాళ్ళు కూడా పిలిచి తిండి, నీళ్ళు ఇస్తారు. కానీ అది ఎత్తు ప్రాంతం, పొగమంచు, వాన, చలి ఉంటాయి, రెయిన్‌కోటు, రాత్రి కనపడే మెరుపు జాకెట్టు ఉండాలి. పెద్ద పెద్ద కావడి బండ్ల పక్కన నడవకండి, 2024లో అలాంటి బండి ఒకటి కరెంటు తీగకి తగిలి మంటలు లేచి ప్రాణాలు పోయాయి.

తుఫాను వెళ్ళిపోయాక కూడా వార్నింగ్ తీసేశారని రేడియోలో చెప్పేదాకా ఆగండి. తెగిన తీగలు నీళ్ళలో పడి ఉంటాయి, కుళాయి నీళ్ళు మరగబెట్టే తాగండి, సముద్రం ఎలా ఉందో చూద్దామని ఒడ్డుకి మాత్రం పోవద్దు, అలల పోటు ఇంకా తగ్గి ఉండదు.