వానలకు ముందే ఫాస్ఫేట్ ఫ్లోటేషన్ ప్లాంటులో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

రాజస్థాన్‌లో ఉదయపూర్ దగ్గరి ఝామర్‌కోట్రా గనిలోని రాక్ ఫాస్ఫేట్‌లో (ఎరువుల తయారీకి వాడే రాయి) ప్రధానమైన మలినం డోలమైట్ అనే ఖనిజం. ఇలాంటి రాయికి వాడే రివర్స్ ఫ్లోటేషన్‌లో, అంటే మలినాన్నే పైకి తేల్చి తీసేసే పద్ధతిలో, నూరిన రాయిని నీటితో కలిపి జావలాంటి స్లర్రీగా చేసి, యాసిడ్‌తో పీహెచ్‌ను 5 దగ్గరికి దించుతారు. ఫ్యాటీ యాసిడ్ కలిపి గాలి పంపితే డోలమైట్ నురగతో తేలిపోతుంది, ఫాస్ఫేట్ కింద ఉండిపోతుంది. జూన్‌లో వాన మొదలైతే ఈ పనిలో ప్రమాదం పెరుగుతుంది.

అన్నిటికన్నా ముందు సల్ఫ్యూరిక్ యాసిడ్ ట్యాంకు చూడండి. 98 శాతం యాసిడ్‌ను మామూలు ఉక్కు తట్టుకుంటుంది. వాన నీరు చేరి పలచబడితే అదే యాసిడ్ ఉక్కును తినేస్తుంది, పైగా హైడ్రోజన్ పుడుతుంది. అందుకే మూత, గాలి గొట్టం, ఫ్లాంజీలు (గొట్టాల అతుకులు) ఇప్పుడే బిగించాలి. ఖాళీ ట్యాంకే కదా అని గ్యాస్ పరీక్ష చేయకుండా దానిమీద వెల్డింగ్ చేయొద్దు, పేలుతుంది. ట్యాంకు చుట్టూ ఉన్న గోడలోపల నీరు నిలిస్తే, పీహెచ్ చూశాకే తోడించండి.

రెండో భయం కంటికి కనబడనిది. డోలమైట్‌కు యాసిడ్ తగిలితే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గాలికన్నా బరువు కాబట్టి సంపుల్లో, గుంటల్లో పేరుకుంటుంది. వానకు సంపు నిండి పంపు ఆగితే ఎవరో ఒకరు గబుక్కున దిగుతారు. ఆక్సిజన్ మీటర్ ఒక్కటే నమ్మొద్దు. కార్బన్ డయాక్సైడ్ 5 శాతం ఉన్నా ఆక్సిజన్ దాదాపు 19.9 చూపిస్తుంది, అలారం మోగకపోవచ్చు. మనిషికి మాత్రం అది ప్రమాదకరమే. విడిగా కార్బన్ డయాక్సైడ్ మీటర్ ఉండాలి, దిగడానికి రాసిచ్చిన పర్మిట్ ఉండాలి, పైన కాపలా మనిషి ఉండాలి. లోపల ఒకరు పడిపోయారని రెండోవారు ఉత్తినే దిగొద్దు దయచేసి. అలా దిగినవాళ్లూ చనిపోతారు.

తడిసిన ఖనిజంతో బంకమట్టి వస్తుంది. దాని సన్నని రేణువులు కలెక్టర్‌ను, అంటే డోలమైట్‌ను తేల్చడానికి కలిపే ఫ్యాటీ యాసిడ్‌ను, పీల్చేసుకుంటాయి. గ్రేడ్ (సరుకులో ఫాస్ఫేట్ శాతం) పడిపోయిందన్న టెన్షన్‌లో రసాయనాల మోతాదు పెంచేయకుండా, ముందు సైక్లోన్లలో (స్లర్రీని గిరగిరా తిప్పి సన్నని రేణువులను వేరుచేసే పరికరాలు) ఆ బురదను తీసేయించండి. చ్యూట్‌లో (ఖనిజం జారే తొట్టి దారి) మట్టి పట్టేస్తే ఫీడ్ ఆపి, కన్వేయర్ స్విచ్‌కు తాళం వేశాకే గునపం పట్టాలి. కింద నిలబడి పొడవకండి.

టెయిలింగ్స్ (ఫాస్ఫేట్ తీశాక మిగిలే వ్యర్థపు బురద) చెరువు గట్టుకు, నీటికి మధ్య ఖాళీ ఎంత ఉండాలో డిజైన్‌లో ఉంటుంది. ఆ గుర్తును రంగుతో వేయించండి, నీరు పోయే దారిలో పూడిక తీయించండి. నీరు గుర్తు దాటితే అర్ధరాత్రయినా మిల్లు ఆపే అధికారాన్ని షిఫ్ట్ ఇన్‌చార్జికి ముందే రాసి ఇవ్వండి.